బొగ్గుట్టలో మన మ్యూజియం

 

సంఘం తరఫున ఇవాళ మేము ఒక్క ముచ్చటే చెప్పదలుచుకున్నాం. ఇల్లందులో, మనోళ్ల మాటలో బొగ్గుట్టలో, బాయి పని చేసిన మన కుటుంబాల వస్తువులతో మనమే నడుపుకునే చిన్న మ్యూజియం ఒకటి కావాలి.

ఆదివాసీ మ్యూజియం అనగానే మీకేం గుర్తొస్తుంది? విల్లు, బాణం, డోలు, కొమ్ముబూర. భద్రాచలంలో ఐటీడీఏ మ్యూజియం ఉంది, మేడారంలో ఉంది, జోడేఘాట్‌లో కుమ్రం భీం మ్యూజియం ఉంది. అన్నీ చూడాల్సినవే. కానీ అటువంటి చోట్ల మనల్ని ఎక్కువగా అడవి మనుషులుగానే చూపిస్తారు. నెత్తిన లైటు పెట్టుకుని బాయిలో దిగిన కోయ కార్మికుడికి కూడా ఒక గోడ కావాలని మా అభిప్రాయం.

చరిత్ర మీకు తెలిసిందే. 1871లో జియాలజిస్టు విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరయింది. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యి రాళ్లుగా నల్లరాళ్లు పెడితే అవే అంటుకున్నాయనే కథ కూడా మీరు వినే ఉంటారు. ఆ కథలో యాత్రికులున్నారు, తర్వాత దొర వచ్చాడు. ఈ నేల మీద అప్పటికే బతుకుతున్నవాళ్లు మాత్రం లేరు. మన మ్యూజియం అక్కడి నుంచే మొదలుకావాలి.

ఇప్పుడు టింబర్ సంగతి వినండి. పాత భూగర్భ గనుల్లో పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టేవాళ్లు. ఇనుప ప్రాప్‌లు వచ్చాక కూడా చాలామంది ముసలి కార్మికులు కర్రనే నమ్మేవాళ్లు. ఎందుకంటే కర్ర విరిగే ముందు కిర్రుమంటుంది, పీచులు లేస్తుంది. ఆ చప్పుడు వినగానే మనుషులు బయటికి ఉరికేవాళ్లు. ఏ చెట్టు ఎట్లా విరుగుతుందో అడవి పిల్లలకు చిన్నప్పుడే తెలుసు కదా! అడవి విద్య, బాయి విద్య రెండూ కలిసింది అక్కడే. ఒక్క దుంగ ముక్క గదిలో నిలబెట్టి ఈ నాలుగు మాటలు పక్కన రాస్తే చాలు.

సేఫ్టీ ల్యాంపు కూడా అంతే. అది వెలుతురు కోసమే కాదు. గాలిలో మీథేన్ ఉంటే మంట మీద లేత నీలి టోపీలాంటిది కనిపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మంట కుంగిపోతుంది. ఇది తెలియకపోతే ఆ ల్యాంపు పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్ముకునే ఇత్తడి ముక్కే. తట్టలు, చెమ్మాసులు, హాజరు బిళ్లలు, జీతం చీటీలు అట్లాగే పోతున్నాయి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. తట్ట మోసిన తరం ఇంకెన్నాళ్లుంటుంది?

వేల్స్‌లో బ్లేనావన్ అనే ఊళ్లో బిగ్ పిట్ గని 1980లో మూతపడితే, 1983లో దాన్నే మ్యూజియం చేశారు. 90 మీటర్ల లోతుకు తీసుకుపోయి చూపించింది అక్కడి పాత గని కార్మికులే. మనకు అంత వద్దు. పంచాయతీ ఇచ్చే ఒక పొడి గది, తాళం, ఒక రిజిస్టరు ఉంటే మొదలుపెట్టొచ్చు. గ్రామసభలో తీర్మానం చేయించుకుందాం, రేపు ఎవరూ ఇది మాదంటే మాదని కొట్లాడకుండా.

రిజిస్టరే అన్నిటికంటే ముఖ్యం. వస్తువుకు నంబరు, ఇచ్చినవాళ్ల పేరు, తేదీ, దేనికి వాడారు, దానమా లేక చూపించడానికి మాత్రమే ఇచ్చారా, అన్నీ రాయాలి. అడిగితే తిరిగి ఇవ్వాల్సినవి ఇవ్వాలి. వస్తువును తోమి, రంగేసి మెరిపించొద్దు, చెయ్యి అరిగిన గుర్తులు పోతాయి. పేరుపలకలు తెలుగులోనూ, తెలుగు లిపిలో కోయ మాటలోనూ రాద్దాం. మూసేసిన బాయిల్లోకి మాత్రం ఎవరూ పోవద్దు. అక్కడ విషవాయువులుంటాయి, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు. పైగా అక్కడి ఇనుము మనది కాదు.

మంచి మాటలు మాత్రమే పెట్టే మ్యూజియం మాకొద్దు. తవ్వకాలకు లేచిపోయిన గూడేల పేర్లు, బాయిలో ప్రాణం పోయినవాళ్ల పేర్లు వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకుంటే గోడ మీద ఉండాలి. ఆడవాళ్లను మరవొద్దు. 1952 గనుల చట్టం వాళ్లను భూగర్భ పని నుంచి ఆపింది, 2019లో షరతులతో మళ్లీ అనుమతి వచ్చింది. బొగ్గు ఏరిన అవ్వలు, మొగుడు షిఫ్టు నుంచి వచ్చేదాకా తలుపు దగ్గర కూర్చున్న అవ్వలు చెప్పేది ఏ రికార్డులోనూ దొరకదు.

అందుకే వస్తువుల కంటే ముందు మాటలు పోగేద్దాం. వచ్చే పున్నమిలోపు మీలో ఒక్కొక్కరు ఒక్క తాత దగ్గరో, ఒక్క అవ్వ దగ్గరో కూర్చోండి. రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. "మొదటిరోజు బాయి దిగినప్పుడు ఎవరు తోడున్నారు?" అని మొదలుపెట్టి, మధ్యలో అడ్డురాకుండా వినండి. ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవొద్దు.