ముసురు పట్టిన వేళ కషాయం

ముసురు పట్టి జలుబు మొదలైతే మలక్‌పేటలో ఒక ఇంట్లో శొంఠి, మిరియాల కషాయం మరుగుతుంది, పక్కింట్లో జోషాందా. మొదటిది ఆయుర్వేదపు వాడుక, రెండోది యునానీది. జోషాందాలో అతిమధురం, ఉన్నాబ్ అనే ఎండు రేగుపళ్లు, బనఫ్షా పూలు వేస్తారు. రెండూ గొంతునొప్పికి, దగ్గుకి తాగేవే.

2020లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఇలాంటి పానీయానికి పాళ్లు చెప్పింది: తులసి 4, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. ఈ పొడి 3 గ్రాములు 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో వేసి, రోజుకు ఒకటి రెండుసార్లు తాగమంది.

కాచడానికీ పద్ధతుంది. తులసి, పుదీనా ఆకులైతే వేడినీళ్లలో వేసి మూతపెడితే చాలు. ఎక్కువసేపు మరిగిస్తే వాసన ఆవిరైపోతుంది. శొంఠి, దాల్చినచెక్క, అతిమధురం మాత్రం దంచి, సన్నసెగ మీద మరిగించాలి.

అతిమధురం మితిమీరితే రక్తపోటు పెరుగుతుంది. కాబట్టి బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగే తాగాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపి పట్టొద్దు. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా కషాయాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.