కాన్సరునకు క్రొత్త మందు – రోగి ఇంటివారు ఎరుగవలసిన సంగతులు

(గ్రామసభలో చేసిన ప్రసంగము)



కాన్సరు వ్యాధి ఎట్లు వచ్చును, దానిని తొలిదశలో ఎట్లు గుర్తింపవలెను అను సంగతులు మీరు పలుమారులు వినియుందురు. నేడు మేము చెప్పదలచినది వేరు. పట్టణమందలి ఆసుపత్రిలో క్రొత్త విధమైన కాన్సరు మందు ఎక్కించుకొని ఇంటికి వచ్చిన రోగిని ఇంటివారు ఎట్లు కనిపెట్టి యుండవలెనో మనవి చేయుదుము.

ఇటీవల మేము పర్యటించిన ఒక గ్రామములో ఒక రైతు తన అన్నగారి సంగతి మాతో చెప్పెను. ఆయనకు ఊపిరితిత్తుల కాన్సరు. ఈ క్రొత్త మందు ఎక్కించిన రెండు మాసములకు విరేచనములు పట్టుకొన్నవి. ఎండకాలపు నీళ్లు పడలేదని ఇంటివారు తలచి, అంగడిలో బిళ్లలు కొని పది దినములు మింగించిరి. రోగియు నోరు విప్పలేదు. చెప్పినచో డాక్టర్లు మందు ఆపివేయుదురేమో అని ఆయన భయము. తుదకు నీరసించి లేవలేని స్థితిలో ఆసుపత్రికి చేర్చిరి. తప్పు నీళ్లది కాదనియు, మందు వలన ప్రేవులు వాచినవనియు అప్పుడు తెలిసినది. అనేక వారముల చికిత్స మీదట ఆయన కోలుకొనెను. “ముందే తెలిసియున్నచో ఇంత దూరము రానిచ్చియుందుమా?” అని ఆ తమ్ముడు అడిగిన ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు కారణము.

కాన్సరునకు శస్త్రచికిత్స, కిరణ చికిత్స, కీమో మందులు చాలకాలముగా వాడుకలో నున్నవి. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఫలితముగా వెలువడిన మెథోట్రెక్సేటు కీమో మందులలో ఒకటి. కీమో మందులు వేగముగా పెరుగు కణములను చంపును. అందుచేత జుట్టు రాలుట, వాంతులు కలుగును. క్రొత్త మందు త్రోవ వేరు. అది కాన్సరును తానుగా చంపదు. మన శరీరములోని రక్షణశక్తిచే చంపించును. కనుకనే దీనికి ఇమ్యునోథెరపీ, అనగా రోగనిరోధక చికిత్స, అని పేరు.

మన రక్తములో టి-కణములను రక్షకభటులు కలరు. వారు హద్దు మీరి సొంత శరీరముపై పడకుండుటకు ప్రకృతి వారికి ముకుతాడు వేసినది. కాన్సరు కణములు ఆ ముకుతాటినే పట్టి లాగి, భటులను నిలిపివేయును. క్రొత్త మందు ఆ తాటిని సడలించును. ఈ మర్మమును కనుగొన్నందులకు అమెరికా దేశీయుడు జేమ్స్ ఆలిసన్, జపాను దేశీయుడు తసుకు హోంజో గారలకు 2018లో నోబెలు బహుమానము లభించెను. ఈ జాతి మందులలో మొదటిదైన ఇపిలిముమాబు 2011లోను, పెంబ్రోలిజుమాబు, నివోలుమాబు 2014లోను అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి అన్ని కాన్సరులకు పనిచేయవు, అందరు రోగులకును పనిచేయవు. కాని పనిచేసినచోట, వ్యాధి ముదిరినవారు సైతము కొందరు సంవత్సరముల తరబడి జీవించుచున్నారు.

ముకుతాడు సడలిన ఎద్దు బలముగా దున్నును. ఒక్కొక్కప్పుడు సొంత చేనిలోనే పడి త్రొక్కును. భటులు సొంత అవయవములపై తిరుగబడుటయే ఈ మందు వలన కలుగు చెరుపు. ఇది సాధారణముగా మొదటి కొన్ని వారములు, మాసములలో కనబడును. మందు మానిన కొన్ని మాసములకు కూడ రావచ్చును. రెండు మందులు కలిపి ఇచ్చినచో మరింత హెచ్చు.

చర్మముపై దద్దురులు, దురద తరచుగా కలుగును. ప్రేవులు వాచినచో విరేచనములు, కడుపునొప్పి, రక్తము పడుట. ఊపిరితిత్తులకు సోకినచో పొడిదగ్గు, ఆయాసము. కాలేయమునకు సోకినచో కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగుగా వచ్చుట. థైరాయిడు గ్రంథి దెబ్బతిన్నచో అలసట, చలి, బరువు పెరుగుట. మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి వాచినచో విడువని తలనొప్పి, కళ్లు తిరుగుట. ఆకస్మికముగా అతిదాహము, అతిమూత్రము కలిగినచో మధుమేహమని శంకింపవలెను. గుండె నొప్పి, కండరముల నీరసము, కనురెప్పలు వాలుట అరుదు; కాని ప్రాణాపాయకరములు.

భయపడవలసిన పని లేదు. చాలవరకు ఇవి స్వల్పములు. వేళకు తెలిసినచో చికిత్స కలదు. డాక్టర్లు మందును తాత్కాలికముగా ఆపి, ప్రెడ్నిసొలోను వంటి స్టిరాయిడు మందు ఇచ్చి భటులను శాంతింపజేయుదురు. ఆ మందును సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములలో మెల్లగా తగ్గింతురు. “తగ్గినది గదా” అని రోగి తానుగా మానుట మిక్కిలి ప్రమాదము. గ్రంథులు దెబ్బతిన్నచో తరచుగా జీవితాంతము బిళ్లలో, ఇన్సులినో వాడవలసి యుండును. వాడుచు పనిపాటలు చేసికొనవచ్చును. మరియొక మాట. చెరుపు కలిగి మందు ఆపినంతమాత్రమున చేసిన చికిత్స వ్యర్థము కాదు. ఆపిన పిదపను కొందరిలో కాన్సరు అణగియే యున్నది. కనుక ఆ భయముచే బాధను దాచరాదు.

ఇక ఇంటివారు చేయవలసిన పనులు:

1. మందు పేరు వ్రాసిన ఆసుపత్రి కాగితమును భద్రపరచి, ఏ డాక్టరు వద్దకు పోయినను, మందు ముగిసిన పిదప సైతము, ముందుగా దానిని చూపుడు. “కీమో” అని చెప్పక “ఇమ్యునోథెరపీ” అని చెప్పుడు. ఈ ఒక్క మాట వలన వైద్యము త్రోవయే మారును.

2. విరేచనములను లెక్కింపుడు. వాడుక కంటె నాలుగు హెచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి ఫోను చేయుడు. ఏడు హెచ్చినను, రక్తము పడినను వెంటనే తీసికొనిపొండు.

3. ఆయాసము, గుండెనొప్పి, స్పృహ తప్పుట, జ్వరము కలిగినచో తెల్లవారువరకు వేచియుండక 108 వాహనమును పిలువుడు.

4. పసరు మందులు, అంగడి బిళ్లలు, తెలిసీ తెలియని వారి సూదులు వలదు.

5. ప్రతి పర్యాయము మందుకు ముందు చేయించు రక్తపరీక్షలను మానరాదు. కాలేయము, థైరాయిడు చెడుట బాధ తెలియకముందే ఆ పరీక్షలలో తెలియును.

వైద్యుని వద్దను వకీలు వద్దను దాపరికము పనికిరాదని పెద్దలు చెప్పుదురు. బాధను ఓర్చుకొనుట మన పల్లెవాసులకు అలవాటు. కాని ఈ చికిత్సలో ఓర్పు గుణము కాదు, చెప్పుటయే గుణము. నేడు విన్న సంగతులను ఇంటికి పోయి నలుగురికి చెప్పుడు. మీ వీధిలో ఈ మందు పుచ్చుకొను రోగి ఒక్కరున్నను, వారి ఇంటికి పోయి ఆ కాగితము ఎచట నున్నదో అడుగుడు.