ఇచ్చే చేయి – పుచ్చుకునే మనసు



రంజాన్ అనగానే మనకు హలీము, సేమియా పాయసం గుర్తుకొస్తాయి. ఆ నెలలో ముస్లిముల ఇళ్లలో గుట్టుగా జరిగే మరో పనిని గురించి ఈవేళ నాలుగు మాటలు చెబుతాను. అది దానం.

ఖురాన్‌లో నమాజుతో పాటు తరచు వినిపించే మాట జకాతు. అది ఎవరికి చెందాలో తౌబా అధ్యాయం 60వ వాక్యం 8 తరగతులుగా చెబుతుంది. నిర్ణీత పరిమితికి మించిన సొత్తు చాంద్రమాన సంవత్సరం పాటు ఉన్నవారు అందులో 40వ వంతు, అంటే నూటికి రెండున్నర ఇవ్వాలి. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో ఒంటిమీది బంగారానికీ ఈ లెక్క ఉంది. ఏడున్నర తులాలు నిండితే చాలు. నగ భార్యదైతే బాధ్యతా భార్యదే. అందుకే ఉద్యోగం లేని ఇల్లాలు కూడా ఏడాది పొడుగునా పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచుకుంటుంది!

అయితే, ఇవ్వడంతో అయిపోలేదండీ. ఇచ్చినదాన్ని ఎత్తిపొడిచి, మనసు నొప్పించి, ఆ దానాన్ని వ్యర్థం చేసుకోవద్దంటుంది బఖరా అధ్యాయం 264వ వాక్యం. నలుగురికీ తెలిసేలా ఇవ్వడం మంచిదే గాని, పేదలకు గుట్టుగా ఇవ్వడం మరీ మంచిదంటుంది 271వ వాక్యం.

ఈ మాటను ఆడవాళ్లు ఎలా ఆచరణలో పెట్టారో చూడండి. పండక్కి పెద్దలు ఇచ్చే డబ్బును ఈదీ అంటారు. భర్త పోయి, గుట్టుగా సంసారం నెట్టుకొస్తున్న చెల్లెలో, మేనత్తో ఉందనుకోండి. "ఇదిగో జకాతు" అని చేతిలో పెడితే ఆవిడ తల ఎత్తుకోగలదా? అందుకని పండక్కి ముందే వెళ్లి, "ఈదీ తీసుకోమ్మా" అని కవరు ఇచ్చి వస్తారు. ఇచ్చేవారి మనసులో జకాతు అన్న సంకల్పం ఉంటే చాలు, పుచ్చుకునేవారికి ఆ పేరు చెప్పనక్కరలేదని హనఫీ పండితుల మాట. కన్నవారికీ, కడుపున పుట్టినవారికీ మాత్రం జకాతు చెల్లదు. వారిని చూసుకోవడం ఎలాగూ మన బాధ్యతే గదా!

ఫిత్రా దానమూ ఇటువంటిదే. స్తోమత ఉన్నవారు ఉయ్యాలలో పాపతో సహా తలకు సుమారు 2 కిలోల గోధుమలో, వాటి వెలో ఈద్ నమాజుకు ముందే ఇచ్చేయాలి. ఎందుకంటే, ఆ పూట పేదింటి పొయ్యిమీద కూడా పాయసానికి పాలు కాగాలి.

పనిమనిషికి పాత చీర ఇచ్చి, పదిమందిలో "అది నేనిచ్చిందే" అనేవాళ్లను మనం చూస్తూనే ఉంటాం. చీర ఇచ్చిన పుణ్యం ఆ ఒక్క మాటతో పోతుంది. పండగ ఏదైనా, ఎవరిదైనా, ఈసారి ఎవరికైనా ఏదైనా ఇచ్చేముందు, ఏమని చెప్పి ఇస్తే వారి మనసు నొచ్చుకోదో ఒక్క క్షణం ఆలోచించండి. సెలవు.