మధ్యమం ఎటు దిగుతుంది

 

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో చాలామంది రేపటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉంటారు. పని సంగతి చెప్పేవాళ్లు అక్కడ బోలెడుమంది. మీలో గిటార్, కీబోర్డు వాయించేవాళ్లున్నారని తెలిసి నేను జాజ్ గురించి మాట్లాడదామని వచ్చాను.

జాజ్‌లో అప్పటికప్పుడు కల్పించి వాయించేవాడు పాట కింద నడిచే కార్డ్ ప్రోగ్రెషన్‌ను ముందే చదివి పెట్టుకుంటాడు. తరచుగా తగిలేది మూడు కార్డుల వరస. సి షడ్జమం అనుకుంటే మొదటిది రి-మ-ద-స, రెండోది ప-ని-రి-మ, మూడోది స-గ-ప-ని. కాగితం మీద రాసి చూడండి, అన్నీ శంకరాభరణం స్వరాలే! రిషభం ఆధారమైతే ఖరహరప్రియ, పంచమం ఆధారమైతే హరికాంభోజి. గ్రహభేదం నేర్చినవారికి ఇది తెలిసిన దారే. ఇక ప్రతి కార్డులో మూడో స్వరాన్ని, ఏడో స్వరాన్ని పట్టుకోండి: మ-స, ని-మ, గ-ని. మొదట మధ్యమం నిలిచి ఉంటే షడ్జమం నిషాదానికి దిగుతుంది. తర్వాత నిషాదం నిలిచి ఉంటే మధ్యమం గాంధారానికి దిగుతుంది. రెండూ ఒక్కో సెమీటోన్ దిగుడే. అవి పలికితే చాలు, పక్కన పియానో లేకపోయినా కార్డు మారిందని చెవికి తెలుస్తుంది.

1959లో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ రికార్డు చేశాడు. అందులో స్థాయిని మూడు సమాన భాగాలు చేసిన మూడు శ్రుతుల మధ్య కార్డులు పరుగెడతాయి. ఆ మార్పులను ఆయన ముందే సాధన చేసి వచ్చాడు. పియానిస్టు టామీ ఫ్లానగన్ ఉద్దండుడే, అయినా సోలోలో ఆయన తడబాటు మనకు వినిపిస్తుంది. 1982లో ఆయనే ఆ పాటకు తిరిగివచ్చి పూర్తిగా తనదిగా వాయించాడు. నాకు ఎంతో ఇష్టమైన రికార్డు అది. అదే 1959లో కోల్‌ట్రేన్ వాయించిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పాట ‘సో వాట్’ చూడండి. 32 బార్లకూ ఖరహరప్రియ ఒక్కటే, నడుమ 8 బార్లు మాత్రం సెమీటోన్ పైకి జరుగుతుంది. అక్కడ తొందర లేదు, ఒక్కో స్వరం దగ్గర ఆగి ఆలోచించవచ్చు. ఎక్కడ పరుగో, ఎక్కడ తీరికో విశ్లేషణే చెబుతుంది.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పసివయసులోనే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరారు. ఆయన చదువు కార్డులది కాదు, రాగానిది. అయినా ఏ స్వరం మీద నిలవాలో, దేన్ని తాకి వదలాలో తెలిసిన చెయ్యి కాబట్టే జాజ్ వాద్యకారుల పక్కన అంత ధీమాగా కల్పన చేయగలిగారు.

మీరు ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు ఆ మూడు కార్డులు నిదానంగా వాయించండి, ఇంకొకరు మ-మ-గ మాత్రమే పాడండి. తర్వాత స-ని-ని. అది కుదిరాక మిగతా స్వరాలు ఒక్కొక్కటే చేర్చుకుంటూ వెళ్లండి.