పంటను బజారునకు చేర్చు విధము

(రైతుల సభలో చదువబడిన ఉపన్యాసము)



విత్తు మొదలు కోతవరకు రైతు పడు శ్రమ అందరెరిగినదే. అయితే కోసిన సరుకు ఏ త్రోవను, ఏ వాహనముమీద, ఏ దినమున బయలుదేరవలెనను విషయమును అనేకులు కోతనాటి సాయంకాలమువరకు తలపెట్టరు. అప్పుడు దొరికిన బండిని అడిగిన కిరాయికి మాటలాడుకొని, అందరును పోవు మండీకే తామును పోవుదురు. పొలములో వచ్చిన లాభము త్రోవలో జారిపోవుట ఇచ్చటనే ఆరంభమగును.

కిరాయి యనగా బండివాని చేతిలో పెట్టు సొమ్ము మాత్రమే యని తలచుట పొరపాటు. పొలము గట్టు మొదలు కొనువాని త్రాసువరకు అగు ఖర్చంతయు కిరాయియే. హమాలీ, సంచుల వెల, తరుగు, కుళ్లు, నిలువయుండిన దినముల నష్టము, అన్నియు కలిపి లెక్కింపవలెను. ఒక రైతు 100 పెట్టెల టమాటాను పెట్టెకు 30 రూపాయల కిరాయితో పంపగా త్రోవలో 10 పెట్టెలు చెడిపోయెననుకొందము. అతని పొరుగువాడు 40 రూపాయలిచ్చి త్వరగా పోవు వాహనములో పంపగా 2 పెట్టెలే చెడెను. పెట్టె 300 రూపాయలకు అమ్ముడుపోయినచో, కిరాయి పోగా మొదటివానికి 24,000, రెండవవానికి 25,400 రూపాయలు మిగులును. చౌకయని పొంగినవాడే 1,400 రూపాయలు పోగొట్టుకొనెను.

ధాన్యము సంగతి వేరు. అది త్వరపడదు, కాని ఆరవలెను. నూటికి 20 పాళ్ల తేమగల 100 క్వింటాళ్ల వడ్లను 14 పాళ్లకు ఆరబెట్టినచో సుమారు 93 క్వింటాళ్లగును. తక్కిన 7 క్వింటాళ్లు నీరు. ఆరబెట్టక లారీకెత్తిన రైతు ఆ నీటికిని కిరాయి చెల్లించుచున్నాడు.

వాహనములలో ఎడ్లబండికిని, ట్రాక్టరు ట్రాలీకిని సమీపపు సంతయే తగినది. లారీ పొలము చెంతనే నిండి మండీలోనే దిగును. మూట ఒకమారు ఎత్తుట, ఒకమారు దింపుట, అంతే. రైలునకైనచో పొలమున ఎత్తి స్టేషనులో దింపి, వ్యాగనులో ఎత్తి అచ్చట దింపి, మరల ఎత్తి మండీలో దింపవలెను. మొత్తము ఆరుమారులు. ఎత్తినప్పుడెల్ల హమాలీ, దింపినప్పుడెల్ల పండునకు దెబ్బ. కావున కొద్దిదూరమునకు రైలు గిట్టదు. దూరము పెరిగినకొలది లెక్క తిరుగబడును. ఇనుప పట్టాలమీద ఇనుప చక్రము నడుచుటకు రోడ్డుమీద రబ్బరు చక్రమునకు వలసినంత బలము అక్కరలేదు. బరువునుబట్టి చూడగా చమురు ఖర్చు తగ్గును.

గోదావరి మండలమున 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదప కాలువలు సాగునకేగాక పడవలకును ఉపకరించెను. రైళ్లు, లారీలు వచ్చిన మీదట ఆ పడవ రవాణా క్షీణించినది.

దూరప్రయాణమునకు అనంతపురము దృష్టాంతము చూడదగినది. 2020 సెప్టెంబరు 9వ తేదీని అచ్చటినుండి ఢిల్లీలోని ఆదర్శనగరునకు కిసాన్ రైలు బయలుదేరెను. చీనీ, అరటి, టమాటా మొదలగునవి రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినవి. ఆ రైళ్లలో ఇంత సరుకుండి తీరవలెనను నిర్బంధము లేకుండుటచే, వ్యాగను నింపజాలని చిన్న రైతుకును చోటు దొరికెను. కొంతకాలము కేంద్ర ప్రభుత్వము కిరాయిలో సగము భరించినది. కాని రాయితీ నమ్ముకొని లెక్క వేయరాదు. అది లేకున్నను గిట్టునా యని చూడవలెను. ఒక్కడు నింపలేని బండిని పది మంది కూడి నింపవచ్చును గదా! మన గ్రామములలో ఇది ఏల సాగదో ఆలోచింపదగును.

పండ్లను పంపుటకు ముందే వేరుపరుపవలెను. టమాటాలో రంగు తిరుగుచున్నవి దూరమునకును, ఎఱ్ఱబడినవి ఆనాటి సంతకును పోవలెను. అరటిని పచ్చిగానే పంపవలెను. త్రోవలోను, చేరినచోటను పండును. చీనీ చెట్టునుండి తెంపిన తరువాత పండదు గనుక, పక్వమునకు రాకముందే తెంపి పంపిన తియ్యదనము రాదు. సరుకంతయు ఒకేదినమున ఒకే మండీకి తోలుటకంటె, రెండు మండీల ధరలు ముందురోజే విచారించి పంచి పంపుట మేలు. బండి కదలిన తరువాత ధర విచారించి ఏమి ప్రయోజనము?

రైలులో పంపువారు రసీదును జాగ్రత్తగా చదివించుకొనవలెను. సొంతదారు బాధ్యతమీద తక్కువ రేటునకు పంపిన సరుకు చెడినచో, రైల్వేవారి అశ్రద్ధను రైతే ఋజువు పరుపవలసియుండును. పెట్టెల లెక్క, తూకము, కట్టు చినిగియున్నదా యను సంగతి అప్పగించునప్పుడే వ్రాయించుకొనవలెను. నష్టపరిహారమునకు నోటీసు, సరుకు అప్పగించిన తేదీ మొదలు 6 మాసములలో రైల్వేవారికి అందవలెను. ఆ గడువు దాటిన పిదప రసీదు చేతనున్నను సామాన్యముగా దావా నిలువదు.