కీలునకు కట్టు, కట్టునకు గడువు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగలో కీళ్ళనొప్పుల ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. మన చందాదారులలో పలువురు మోకాళ్ళు పట్టుకొని ఈ మెట్లెక్కుచున్నారనియు, వారికి అక్కరకు వచ్చు నాలుగు మాటలు చెప్పవలసినదనియు కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను వైద్యుడను కాను. బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. నేను కన్నులార చూచిన కట్లు రెండు. ఒకటి మితిమీరి బిగించినది. రెండవది గడువు మీరి ఉంచుకొన్నది. ఆ రెండింటి కథయే నేటి నా ఉపన్యాసము.

నా చిన్ననాడు నా సహపాఠి యొకడు చింతచెట్టు మీదినుండి పడి మోచేతి వద్ద ఎముక విరుగగొట్టుకొనెను. వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించి కట్టించినారు. ఆ రాత్రి వాని ఏడ్పు మా వీథి యంతయు వినబడినది. కట్టు బిగువుగా నున్ననే ఎముక అతుకుననియు, ఓర్చుకొనవలెననియు పెద్దలు చెప్పిరి. వ్రేళ్ళు ఉబ్బి, రంగు మారి, చల్లబడినను ఎవ్వరును కట్టు విప్పలేదు. మూడవనాటికి ఏడ్పు ఆగినది. నొప్పి తగ్గినదని అందరును సంతోషించిరి. నొప్పి తెలియు శక్తియే నశించినదని ఎవరికిని తోచలేదు. ఎముక అతికినది, కాని వ్రేళ్ళు ముడుచుకొని కొంకర్లు పోయినవి. ఆ చేయి మరల కలము పట్టలేదు. వాడు బడికి రాలేదు.

దీని కారణము ఏనాడో తెలిసినదే. జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ వోల్క్‌మన్ 1881లోనే ఈ అవస్థను వర్ణించి, బిగువైన కట్టు వలన కండలకు రక్తము అందకపోవుటయే దీనికి మూలమని చెప్పెను. రక్తము అందని కండ కొన్ని గంటలలోనే చెడిపోవును. కావున కట్టు ఎవరు కట్టినను, వ్రేళ్ళు పాలిపోయినను, నీలివర్ణమునకు తిరిగినను, తిమ్మిరెక్కినను, వ్రేళ్ళు చాచినప్పుడు ప్రాణము పోవునంత నొప్పి కలిగినను, తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే కట్టు వదులు చేయించి ఆసుపత్రికి పోవలెను.

ఇట్లు చెప్పుట కట్టు కట్టువారిని నిందించుటకు కాదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టు పుత్తూరు కట్టు పేరు ఎరుగని తెలుగువారు అరుదు. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరమున వైద్యము చేసిన హ్యూ ఓవెన్ థామస్ కూడ తరతరములుగా ఎముకలు కట్టు కుటుంబమున పుట్టినవాడే. అతడు శాస్త్రీయముగ వైద్యము చదివి, తన పనివారిచేత ఇనుపకడ్డీలతో, తోలుతో కీళ్ళకు ఆధారములు చేయించెను. అతని పేరిట వెలసిన థామస్ స్ప్లింటు 1914-18 మహాయుద్ధములో తొడయెముక విరిగిన సైనికులను ఎందరినో బ్రతికించినది. ఇంటి విద్యకు శాస్త్రము తోడైన ఎంత మేలో ఇందువలన తెలియుచున్నది.

ఇక రెండవ కథ నాదే. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయములోనే పై అరలోని పుస్తకము తీయబోగా, నేనెక్కిన పీట జారి నా చీలమండ బెణికినది. ఎముక విరుగలేదని ఎక్స్‌రేలో తేలినది. కొన్ని వారములు పట్టీ ధరించి, చెప్పిన వ్యాయామము చేయవలసినదని వైద్యుడు చెప్పెను. పట్టీ ధరించితిని, వ్యాయామము మానితిని. మరల బెణుకునేమో యన్న భయముతో ఏడు నెలలు, నిద్రలో సైతము, దానిని విప్పనైతిని. తుదకు పట్టీ లేక నాలుగడుగులు వేయుటకు ధైర్యము చాలదయ్యెను. ఫిజియోథెరపిస్టు ఒకరు టేపుతో నా రెండు పిక్కలను కొలిచి చూపినారు. బెణికిన కాలి పిక్క చిక్కిపోయినది. “మాస్టరుగారూ, సేవకునిగా వచ్చిన పట్టీ మీకు యజమాని యైనది” అన్నారాయన. గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట, మడమలెత్తి దించుట నేర్పినారు. మూడు నెలలకు పట్టీ లేకయే ఈ మెట్లెక్కగలిగితిని.

పట్టీ చేయు పని యేమి? కీలు ప్రక్కలకు ఒరగకుండ అడ్డుపడును. గాయపడిన బంధనములకు మానుటకు వ్యవధి నిచ్చును. కొన్నియెడల నొప్పి తగ్గించి నడకకు ధైర్యము నిచ్చును. మోకాలికి సాగు తొడుగు, అనగా మనము నీ క్యాప్ అనునది, ఒక రకము. ఇరుప్రక్కల మడతబందులతో గట్టి ఆధారమిచ్చునది మరియొక రకము. మణికట్టులో నరము నలిగి రాత్రులు చేయి తిమ్మిరెక్కువారికి, మణికట్టును తిన్నగా నిలుపు స్ప్లింటును నిద్రవేళ ధరింపజేయుదురు. అరిగిన మృదులాస్థిని పట్టీ తిరిగి పెంచజాలదు. కండ చేయవలసిన పనిని కండయే చేయవలెను. మోకాలి అరుగుదలకు తొడకండరముల వ్యాయామము, అధికబరువు తగ్గించుకొనుట ముఖ్యము. పట్టీ వానికి తోడు మాత్రమే.

కొనునప్పుడు కీలును కొలిపించి కొనుడు. పొరుగువాని మోకాలికి సరిపోయినది మీకు సరిపోదు. ధరించిన పిదప చర్మము ఒరసికొనుచున్నదేమో ప్రతిదినము చూచుకొనుడు. మధుమేహమువలన పాదములలో స్పర్శ తగ్గినవారు మరింత జాగరూకులై యుండవలెను. ఎన్ని వారములు, దినమునకు ఎన్ని గంటలు ధరింపవలెనో వైద్యుని మొదటిదినముననే అడుగుడు. కాలు నేల మోపలేకున్నను, కీలు వంకర తిరిగినను, జ్వరముతో కీలు వాచినను పట్టీల అంగడికి పోక వైద్యుని యొద్దకు పొండు.

1741లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు నికొలా ఆంద్రీ ‘ఆర్థోపెడీ’ అను పేరిట ఒక గ్రంథము ప్రకటించెను. ఈ వైద్యశాఖకు నేటికిని నిలిచిన పేరు అదియే. అందులో వంకరపోయిన లేతచెట్టును గుంజకు కట్టిన చిత్రమొకటి కలదు. రైతు సోదరులకు దాని భావము నేను చెప్పనక్కరలేదు. మామిడిమొక్కకు గుంజ పాతి కట్టువారు త్రాటిని వదులుగా కట్టుదురు. బిగించిన త్రాడు బెరడును కోయును. కాండము బలిసిన పిదప గుంజను తీసివేయుదురు. ఏండ్ల తరబడి గుంజ నానుకొన్న మొక్క గాలికి నిలువ నేర్వదు. మొక్కపట్ల మనము చూపు ఈ వివేకమును మన కాలిపట్ల, మన పిల్లల చేతులపట్ల చూపిన చాలును.

నా సహపాఠి కట్టును ఆ రాత్రి ఎవరైనను కొంచెము వదులు చేసియుండిన, నేడు వాడును ఈ సంచికలో ఒక వ్యాసము వ్రాసియుండునేమో. మీ యింట కట్టు కట్టిన బిడ్డ రాత్రి ఏడ్చినచో, దయచేసి లేచి దీపము వెలిగించి ఆ వ్రేళ్ళు చూడుడు. ఇదియే నా ప్రార్థన.