రహదారి భద్రతకు డాక్టరేటు పరిశోధన: దోర్నపాల్ చెప్పే పాఠం



రోడ్డు భద్రత అనగానే మనకు హెల్మెట్టు, సీటు బెల్టు, కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు గుర్తుకొస్తారు. వీటి వెనుక ఏళ్ల తరబడి సాగిన పరిశోధన ఉందనీ, ఆ పరిశోధన చేసినవారిని ఎవరో ఒకరు పోషించారనీ సాధారణంగా తట్టదు. ఈనాటి ప్రసంగంలో ఆ విషయాన్ని పరిశీలిద్దాం. ఉదాహరణకు బస్తర్ ప్రాంతంలోని దోర్నపాల్‌ను తీసుకుందాం.

దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలో, 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. జగదల్‌పూర్ నుంచి వచ్చే ఈ రహదారి కుంట, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరుతుంది. అందుకే ఆ పరిసరాల్లో గోండి, దోర్లీ, హల్బీ మాటలతోపాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

దోర్నపాల్ దగ్గర చీలి జగర్‌గుండ దాకా అడవిలోంచి వెళ్లే రోడ్డు పొడవు సుమారు 56 కిలోమీటర్లు. 2017 ఏప్రిల్ 24న ఈ దారిలోని బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనికి కాపలా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. ఆ రోడ్డు మీద భద్రత అంటే చాలాకాలంపాటు మందుపాతర లేకపోవడమే. అంత మూల్యం చెల్లించి వేసుకున్న రోడ్డు మీద ఇకపై మామూలు ప్రమాదాల్లో మనుషులు చనిపోతే, ఆ లెక్క ఎవరు చూస్తారు? ఇదే మన ప్రశ్న.

దేశం మొత్తం మీద 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది మరణించారు. అంటే రోజుకు సగటున 474 మంది. ఈ మరణాల్లో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే. గుంతల రోడ్డు మీద బండి మెల్లగా పోతుంది. కొత్త రోడ్డు పడగానే వేగం పెరుగుతుంది. పక్కన నడిచే మనిషి, పశువు, సైకిలు మాత్రం పాత వేగంతోనే ఉంటారు. ప్రమాదం ఈ తేడాలోనే పుడుతుంది.

వేగానికీ మరణానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలో చూపినవారిలో స్వీడన్ పరిశోధకుడు యోరన్ నిల్సన్ ముఖ్యుడు. వేగ పరిమితులు మార్చినప్పుడు ప్రమాదాలు ఎలా మారాయో ఆయన ఏళ్ల తరబడి గమనించి, 2004లో లుంద్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. ఆయన చెప్పిన సూత్రం ఇది: సగటు వేగం ఎన్ని రెట్లు మారితే, ప్రాణాంతక ప్రమాదాలు సుమారు దానికి నాలుగో ఘాతంలో మారతాయి. సగటు వేగం 10 శాతం పెరిగిందనుకోండి. 1.1ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 1.46 వస్తుంది. అంటే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు 46 శాతం పెరుగుతాయి. ఆ ఘాతాంకం అన్ని రోడ్లకూ ఒకటి కాదని తరువాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి స్వీడన్ అంకెను తెచ్చి దోర్నపాల్‌లో అతికించడం కుదరదు. ఇక్కడే కొలవాలి.

మన దేశంలో ఈ విద్య లేకపోలేదు. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ దినేశ్ మోహన్, ప్రొఫెసర్ గీతం తివారీ వంటివారు రవాణా పరిశోధననూ గాయాల నివారణనూ ఒకే అధ్యయనంగా పెంచారు. ఐఐటీ మద్రాసులో రహదారి భద్రతకు ప్రత్యేక కేంద్రం ఉంది. కావలసిందల్లా ఆ విద్య అడవి దారుల దాకా రావడం.

ఒక పరిశోధక విద్యార్థి దోర్నపాల్‌లో ఏం చేయగలడు? మూడు పనులు చెబుతాను.

మొదటిది, లెక్క. ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు మరణిస్తే దాన్ని రోడ్డు మరణంగానే లెక్కించాలి. సుక్మా జిల్లాలో గాయపడినవాడు భద్రాచలం ఆసుపత్రిలో చనిపోతే, ప్రమాదం ఒక రాష్ట్రంలో, మరణం మరో రాష్ట్రంలో నమోదవుతాయి. ఠాణా రికార్డునూ ఆసుపత్రి రికార్డునూ పక్కపక్కన పెట్టి సరిచూసే మనిషి కావాలి.

రెండవది, వేగం. సంత రోజున, ఇప్పపూలు ఏరుకునే వేసవిలో, వానాకాలపు చీకట్లో రోడ్డు మీద ఎవరు ఉంటారు, బండ్లు ఎంత వేగంతో పోతాయి అన్నది ఏడాది పొడవునా కొలవాలి. ఒక్కరోజు తనిఖీకి వచ్చిన ఇంజనీరుకు ఇవి కనిపించవు.

మూడవది, సమయం. ఉత్తరాన జగదల్‌పూర్ వైద్య కళాశాల, దక్షిణాన భద్రాచలం ఆసుపత్రి, రెండూ గంటల ప్రయాణం. ఆ గంటల్లో ఎక్కడ ఆలస్యమవుతోంది? ఫోను అందకా, బండి దొరకకా, తీసుకెళ్లేవారు కేసుకు భయపడా? ఇవి గోండి, దోర్లీ తెలిసినవారు అడిగితేనే తేలే సంగతులు. అందుచేత స్థానిక యువతీ యువకులనే ఈ పరిశోధనకు తీసుకోవడం మేలు. జగదల్‌పూర్‌లో విశ్వవిద్యాలయం ఉంది. రాయపూర్‌లోనూ, మన వరంగల్‌లోనూ ఎన్ఐటీలు ఉన్నాయి.

ఇక ఖర్చు సంగతి. 2023లో పెంచిన ప్రకారం జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ 42,000 రూపాయలు. రెండేళ్లు మొదటిది, మూడేళ్లు రెండవది ఇస్తే, ఇంటి అద్దె భత్యం కాక, అయిదేళ్లకు సరిగ్గా 24 లక్షలు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకంలో ఒక క్షతగాత్రుడికి గరిష్ఠ పరిమితి లక్షన్నర. అంటే పదహారు మంది చికిత్స పరిమితితో ఒక డాక్టరేటు పూర్తవుతుంది.

డబ్బుకు దారులూ ఉన్నాయి. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడింది. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనకు కూడా ఆ నిధిని ఇవ్వవచ్చు. బస్తర్ ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఆ ఖనిజం పుట్టిన నేల మీది రోడ్ల కోసం ఇలాంటి సంస్థలను అడగడంలో తప్పు లేదు.

అయితే ఫెలోషిప్ ఒక్కటే చాలదు. ప్రయాణానికీ, వేగం కొలిచే పరికరాలకూ, దుబాసీకీ వేరుగా డబ్బుండాలి. పోలీసు, ఆసుపత్రి రికార్డులు చూసేందుకు ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి. రోడ్డు వేసిన శాఖకో, నిధి ఇచ్చిన కంపెనీకో ఫలితం నచ్చకపోయినా ప్రచురించే స్వేచ్ఛ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సిద్ధాంత గ్రంథం గ్రంథాలయంలో దుమ్ము పట్టకూడదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రహదారి భద్రతా కమిటీ ఏటా పరిశోధకుణ్ణి పిలిచి వినాలి. ఏ సూచన అమలు చేసిందీ, ఏది ఎందుకు చేయలేదో రాసిపెట్టాలి.

రోడ్డు వేయడంతో పని పూర్తి కాదు. దాని మీద నడిచే మనిషి ఇంటికి చేరేదాకా ఆ పని మిగిలే ఉంటుంది. మీలో సివిల్ ఇంజనీరింగ్, వైద్యం, గణాంక శాస్త్రం, సామాజిక శాస్త్రం చదువుతున్నవారు మీ ఊరి రోడ్డు నుంచే మొదలుపెట్టండి. గత ఏడాది అక్కడ ఎందరు గాయపడ్డారో ఠాణాలో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి అడగండి. రెండు లెక్కలూ కలవకపోతే, మీ పరిశోధన అంశం మీకు దొరికినట్టే.